నారు తీసుకుని అనకూడని మాట

లోజ్యా కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ పిల్లకు మట్టికీ పేడకీ తేడా తెలియదని అత్తగారు తెక్లా ఊరంతా చెప్పుకొచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. పట్నంలో బట్టలమిల్లు పక్కన పుట్టి, ఆ మిల్లులోనే పనికి కుదిరిన మనిషికి మొలకల సంగతి ఏం తెలుస్తుంది? బుగ్ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో మాత్రం మార్చి వచ్చేసరికి ఏ కిటికీ చూసినా మీగడ డబ్బాల్లో కాప్సికం మొలకలే. కిటికీ బోసిగా కనిపిస్తే, ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని జనం పలకరించడానికి వెళ్తారు.

లోజ్యాకు పౌరుషం ఎక్కువ. మొదటి ఏడాదే ఎవరినీ అడక్కుండా టమాటా గింజలు వేసింది. పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుందని డబ్బాలు అక్కడ పెట్టింది. వెచ్చదనం సరే, వెలుగేదీ? మొలకలు పాలిపోయి సన్నగా సాగాయి. ఏప్రిల్ చివర నాలుగు రోజులు ఎండ కాసేసరికి ఇక ఆగలేకపోయింది. బయట మడుల్లో బఠాణీ, ముల్లంగి పచ్చగా లేచి నిలబడితే ఇవి మాత్రం లోపల మగ్గడమెందుకని నారంతా తీసుకెళ్లి నాటేసింది.

కంచె అవతలి పాత ఇంట్లోంచి తెక్లా చూసి, చలి సోఫియా వెళ్లేదాకా ఆగమంది. మే నెల మధ్యలో వచ్చే సోఫియమ్మ పండగ దాటేదాకా మంచును నమ్మకూడదని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. లోజ్యా వింటేగా. ఇంత ఎండలో మంచేమిటని నవ్వింది. సోఫియా రానే వచ్చింది. తెల్లారి చూస్తే నారంతా ఉడికిన ఆకుకూరలా నల్లబడి నేలకు అతుక్కుపోయింది.

ఇక అత్తగారి దెప్పులు తప్పవని లోజ్యా తలుపు వేసుకుని కూర్చుంది. తెక్లా దెప్పలేదు. తన నారులో సగం చెక్కపెట్టెలో సర్దుకొచ్చి కంచె మీదుగా అందించింది. పొట్టిగా, లావుపాటి కాడలతో, ముదురాకుపచ్చగా ఉన్నాయి మొక్కలు. లోజ్యా రెండు చేతులా పెట్టె అందుకుంది. కృతజ్ఞతగా "జెంకుయే" అనబోతుంటే, తెక్లా మట్టిచెయ్యి నోటికి అడ్డం వచ్చింది.

"ఆ మాట అనకు. నారు తీసుకుని జెంకుయే అంటే నారు చచ్చిపోద్ది. మీ మిల్లులో ఈపాటి కూడా నేర్పలేదటే?"

"మరేం అనాలి అత్తయ్యా?"

"ఏమీ అనక్కర్లేదు. పట్టుకెళ్లి నాటుకో."

అప్పటినుంచి ప్రతి వసంతం అదే వరస. గింజలు చామంతి నీళ్లలో నానబెట్టడం, గుర్రపుపేడ మీద పాత కిటికీ అద్దాలు పరిచి వేడిమడి కట్టడం, మొక్కల్ని పగలు బయట గాలికి అలవాటు చేసి సాయంత్రం లోపలికి చేర్చడం, అన్నీ తెక్లాయే నేర్పింది. ఎన్ని నేర్చినా లోజ్యా మొలకలు అత్తగారి మొలకల ముందు వెలవెలబోయేవి. సోఫియా వెళ్లిన మర్నాడు పెట్టె కంచె మీదికి వచ్చేది. లోజ్యా పెదవి విప్పకుండా అందుకునేది. పెట్టె ఇచ్చేసినా తెక్లా వెంటనే వెళ్లేది కాదు. కంచె దగ్గరే నిలబడి తలగుడ్డ ముడి విప్పి, మళ్లీ కట్టుకునేది. పనిలో ముడి వదులవుతుంది కాబోలని లోజ్యా అనుకునేది.

నారుకు పెట్టిన కట్టుబాటు మెల్లగా అన్నిటికీ పాకింది. పురిటిలో లోజ్యా చావుదాకా వెళ్లినప్పుడు మంచం దిగనివ్వకుండా చూసుకుంది తెక్లా. మొగుడు తాగొచ్చి అరిచిన రోజుల్లో, కన్నకొడుకని కూడా చూడకుండా వాణ్ణే బయటికి నెట్టి తలుపేసింది. దేనికీ లోజ్యా ఒక్క మంచిమాట చెప్పింది లేదు. ఇంటిమనుషుల మధ్య ఆ మర్యాదలేమిటని సరిపెట్టుకుంది. నిజానికి అది బద్ధకం. చెప్పకుండా ఊరుకోవడం ఎంత సులువో ఒకసారి తెలిసిన మనిషి దాన్ని వదలదు.

చివరి ఏడాది తెక్లాకు ఊపిరి అందేది కాదు. మంచంలోనే ఒళ్లో పళ్లెం పెట్టుకుని గింజలు వేసింది. డబ్బాలు లోపలికీ బయటికీ మోసింది లోజ్యాయే. అయినా సోఫియా మర్నాడు, వద్దన్నా వినకుండా, పెట్టె పట్టుకుని కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. ఇదే ఆఖరిసారని ఇద్దరికీ తెలుసు.

ఇన్నేళ్ల మాట లోజ్యా నోట్లోకి వచ్చేసింది. అంతలో మొక్కల్ని చూసింది. ఇదే ఆమె చేతి చివరి నారు. ఆ మాట అంటే మొక్కలు చచ్చిపోతాయేమో. చస్తే ఆ చేతి ఆనవాలే మిగలదు. పళ్లు బిగించి పెట్టె అందుకుంది. తెక్లా తలగుడ్డ ముడి విప్పింది, కట్టింది. కాసేపు నిలబడింది.

"సరేలే అమ్మాయ్, గాలి చల్లగా ఉంది" అని లోపలికి వెళ్లిపోయింది.

బఠాణీలు కోతకు రాకముందే ఆమె పోయింది. ఆ ఏడాది టమాటాలు కాసినట్టు ఊళ్లో ఎన్నడూ కాయలేదు. కర్రలు విరిగేలా కాశాయి. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటుంటే లోజ్యా తల వంచుకునేది. సీసాల నిండా టమాటా గుజ్జు కాచింది గానీ నోట పెట్టలేకపోయింది. సమాధి దగ్గర ఆ మాట చాలాసార్లు అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే తప్ప ఏం లాభం? మొక్కలు చస్తే చావనిచ్చి ఉండాల్సిందని ఆమెకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మొన్న వసంతంలో కొడుకు పెళ్లాం కింగాకు లోజ్యా నారు పోసి ఇచ్చింది. తెక్లా ఉన్న పాత ఇల్లే ఇప్పుడు వాళ్లది. పెళ్లైన కొత్తలోనే కట్టుబాటు నేర్పింది కాబట్టి, కింగా పెదవి విప్పలేదు. బుద్ధిగా పెట్టె అందుకుని, తలూపి, మడివైపు నడిచింది.

లోజ్యా కదల్లేదు. పిల్ల వెనక్కి తిరుగుతుందేమో, ఏదో ఒకటి అంటుందేమో అని చూస్తూ ఉంది. కింగా వంగి మొక్కలు నాటుకుంటోంది. అప్పుడు చూసుకుంది లోజ్యా, తన చేతులు తలగుడ్డ ముడి విప్పి మళ్లీ కడుతున్నాయి. ముడి వదులు కాలేదు. తెక్లా ముడి కూడా ఏ ఏడాదీ వదులు కాలేదు.