దిగకుండా ఒక్క మైలు

మా మేనమామ పోయాడని కార్డు వచ్చింది. కడపలో, మా ఆడపిల్లల బడిలో, ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బంట్రోతు కిటికీలోంచి అందించాడు. సోమవారం తెల్లవారుజామున ప్రాణం పోయిందట. కార్డు నాకు చేరింది గురువారం. అప్పటికే మట్టి చేసేశారు. చావు కబురు చదవగానే చించేయాలంటారు, ఇంట్లోకి తేకూడదంటారు. నేను చించలేదు. నా లెక్కల పుస్తకంలోనే ఉంది.

ఆయన నందికొట్కూరు దగ్గర మా పల్లెలో మిషను బడి పంతులు. చుట్టుపక్కల ఇంకో రెండు పల్లెల బళ్ళు కూడా ఆయనే చూసేవాడు. ఆ తావుల్లో మొదటి సైకిలు ఆయనది కాబట్టి అందరికీ సైకిలయ్యవారు. పొట్టి మనిషి. చక్రంలో పడకుండా పంచె అంచును కుడి కాలికి పేలికతో కట్టుకునేవాడు. సైకిలు పిడికి ఒకపక్క పుస్తకాల సంచి, ఇంకోపక్క ఒక పట్టకారు వేలాడుతుండేవి. పంతులుకు పట్టకారెందుకని కొత్తవాళ్ళు అడిగేవారు. ముళ్ళు ఏరడానికి.

ఆ ముళ్ళ సంగతి చెప్పాలంటే ముందు ఫ్రాన్సు సంగతి చెప్పాలి. జర్మనీతో మొదటి యుద్ధం జరిగినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు. ఫ్రాన్సులో మన సిపాయిల ఆసుపత్రిలో పనికి ఓడెక్కి పోయాడు. అక్కడ రెండు గుడారాల ఆసుపత్రుల మధ్య చీటీలు మోయడానికి ఒక సైకిలు ఇచ్చారు. యుద్ధంలో ఏం చూశాడో, ఎంతమంది చావగా చూశాడో ఒక్కనాడూ చెప్పలేదు. ఆ దోవ గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెప్పేవాడు.

“ఆ దోవ ఉండాదే అమ్మీ, నిద్రపోయే పసిబిడ్డ పొట్ట మాదిరి. మెల్లగా లేస్తాది, మెల్లగా దిగుతాది. రెండు పక్కలా గోధుమ చేలు. చేలల్లో ఎర్రపూలు. ఆవులు పండుకోని మన పక్క చూస్తాయి, లెయ్యవు. మిట్ట ఎక్కితే దూరంగా గుడి కొన కనపడతాది. దిగితే పోతాది. మల్లా ఎక్కితే ఇంగ రోంత పెద్దగా కనపడతాది. మాట్లాడే మనిషి ఉండడు. శానా నెమ్మది.”

ఆ దోవలో ఒకచోట మిట్ట మీదినుంచి ఏటి దాకా మైలు పొడుగునా వాలు. కాలు కదిపే పని లేదట. “ఆ మైలులో నేను ఎవురి కూలోణ్ణీ కాను, ఎవురి కొడుకునూ కాను. ఉత్త గాలిని. అంత దూరంలో ఒక్క ముల్లు లేదమ్మీ!” అనేవాడు. ఏటి దగ్గర ఒక ముసలమ్మ తన ఇంటి గేటు పట్టుకుని నిలబడి ఉండేది. ఈయన దిగగానే ఒక ఆపిలు పండు చేతిలో పెట్టేది. ఆమె ఏదో అనేది, ఈయన “బాగుండావా అవ్వా” అనేవాడు. ఇద్దరికీ సరిపోయేది.

యుద్ధం అయిపోయింది. తెల్లారితే బయలుదేరమన్నారు. వెళ్ళిపోతున్నానని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. “పోయొస్తా అవ్వా అని తెలుగులోనే చెప్పినా. ఆయమ్మకు ఏం తెలుస్తాది? మర్నాడు కూడా పండు పట్టుకోని నిలబడి ఉంటాది” అనేవాడు. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ లేచి, అవసరం లేకపోయినా సైకిలుకు గాలి కొట్టేవాడు.

మా పల్లె మిట్ట నుంచి కింద పారే వంక దాకా కూడా సరిగ్గా మైలే. వాలూ ఉంది. కాని మనది తుమ్మచెట్ల దేశం. మేకల కాపర్లు కొమ్మలు నరుకుతారు, కంపబండ్లు పోతాయి, దోవంతా ముళ్ళు రాలుతాయి. ఆ మైలు సైకిలు దిగకుండా పోవాలని మామ కోరిక. అందుకే పట్టకారు. ఏరిన ముళ్ళనూ కంపనూ దోవ పక్కన కుప్పలు వేసేవాడు. ఊళ్ళోవాళ్ళు, పాపం అయ్యవారు మనకోసం కంప పోగు చేసి పెడుతున్నాడనుకుని, ఆ కుప్పలను బండికెత్తి దొడ్లకు కంచెగా వేసుకోవడానికి తోలుకుపోయేవారు. పోతూ పోతూ సగం ముళ్ళు మళ్ళీ అదే దోవలో రాల్చేవారు. పైగా మరుసటి ఆదివారం వచ్చి, “అయ్యవారూ, ఈసారి రోంత పెద్ద కుప్ప ఎయ్యండి” అని అడిగేవారు. మామ సరేననేవాడు. సోమవారం మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఉగాది ముందు కన్నడ సీమ నుంచి యాత్రికులు ఉత్త కాళ్ళతో శ్రీశైలానికి ఆ దోవనే నడుస్తారు. ఒక ఏడు వాళ్ళలో తెలుగు వచ్చిన ఒక ముసలాయన, మామ ముళ్ళు ఏరడం చూసి, కాళ్ళకు దండం పెట్టబోయాడు. మామ బెదిరిపోయి, “నేను కిరస్తానమోణ్ణప్పా! మీకోసం కాదు, నా సైకిలు చక్రం కోసం ఏరుకుంటాండా” అన్నాడు. ముసలాయన నవ్వి, “ముల్లు మా కులం అడిగి గుచ్చుతాదా అప్పా? తీసినోడిది మేమెందుకు అడగాల?” అన్నాడు. ఆ రోజు నుంచి మామ చక్రం పోని చోట కూడా, దోవ రెండంచుల దాకా ఏరడం మొదలుపెట్టాడు.

మరి ఆయన ఆ మైలు దిగకుండా పోయాడా అంటే, లేదు. కనబడిన ముల్లును దాటిపోవడం ఆయన వల్ల కాలేదు. “చూసి వదిలిన ముల్లు మనమే పెట్టినట్టు” అనేవాడు. మా అత్త ఎగతాళి చేసేది: “ఈయప్ప సైకిలు ఎక్కేది యాడ? ఎప్పుడు చూసినా దిగేదే కదా!”

నాకు పదమూడేళ్ళప్పుడు సైకిలు నేర్పింది ఆయనే. ఆడపిల్లకు సైకిలేమిటని మా అమ్మ గోల చేసింది. “ఫ్రాన్సులో పోస్టు సంచులు తగిలించుకోని ఆడోళ్ళే సైకిళ్ళ మీద తిరుగుతాండ్రి అక్కా, ఆకాశం ఏమన్నా ఇరిగి పడిందా?” అన్నాడు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. వెనక పట్టుకుని పరిగెత్తుతూ, వదిలేశాక కూడా పట్టుకునే ఉన్నానని అరిచేవాడు. తరువాత నాకు చీరలు వచ్చాయి, ఉద్యోగం వచ్చింది, సైకిలు పోయింది.

మొన్నటి యుద్ధంలో టైర్లు దొరక్క పాత టైరులో గుడ్డలు కుక్కి తొక్కాడు. యుద్ధం ఆగేసరికి మోకాళ్ళు ఆగిపోయాయి. పోయిన దసరాకు ఉత్తరం రాశాడు: ‘దోవ బాగుండాది. నా మోకాలు పనికిరాదు. నువ్వు రా. మిట్ట కాణ్ణించి నువ్వు దిగకుండా రావాల. వంక కాడ పండు పట్టుకోని నేను నిలబడి ఉంటా.’ పరీక్షలయ్యాక వస్తానని రాశాను. క్రిస్మసుకు మళ్ళీ రాశాడు. జ్వరమన్నాను. ఉగాదికి మూడోది: ‘సైకిలు కడ్డీ కోయించి కిందికి అతికించినా. ఇప్పుడు చీరతో ఎక్కొచ్చు. రా అమ్మీ.’ దానికి జవాబే రాయలేదు. వేసవి సెలవుల్లో పోదాంలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కాని రాయకుండా ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

నేను పల్లె చేరేసరికి అత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంది. సమాధుల తావు వంక అవతల. శవపెట్టెను ఆ దోవనే మోసుకుపోయారు.

“మామూలుగా దోవ నడుమ రెండు తూర్లు పెట్టెను దించి భుజం మార్చుకుంటారు కదా,” అంది. “ఈయప్పను యాడా దించలేదు అమ్మీ. నడుస్తానే మార్చుకుంటా పోయినారు. మోసినోళ్ళంతా ఉత్త కాళ్ళే. మిట్ట కాణ్ణించి వంక దాకా ఒక్కరి కాల్లో ఒక్క ముల్లు గుచ్చుకోలే.” మళ్ళీ తనే, “మీ మామ ఆ మైలు దిగకుండా పోయినాడు” అంది. 

సాయంత్రం అత్తే సైకిలు బయటికి తెచ్చింది. కోసి అతికించిన కడ్డీ మీద రంగు ఇంకా కొత్తగా ఉంది. పిడికి పట్టకారు అలాగే వేలాడుతోంది. మిట్ట దాకా తోసుకుపోయి, కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కాను. మొదట రెండు తొక్కులు తొక్కాను. తరువాత సైకిలు దానంతట అదే పోసాగింది. రెండు పక్కలా కోసేసిన కొర్ర చేలు, ఎర్రటి ఎండ, ఎదురుగాలి. ఎక్కడా ఎవరూ లేరు. మామ చెప్పిన నెమ్మది ఇదేనని తెలిసింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

వంక ఇంకా రెండు చేల దూరంలో ఉందనగా దోవ నడుమ ఒక తుమ్మకొమ్మ కనిపించింది. పక్కనుంచి పోవడానికి కావలసినంత తావు ఉంది. పట్టకారు పిడికి తగిలి టకటకమంటోంది.

దిగాను. కొమ్మను ఎత్తి పక్కనున్న కుప్ప మీద వేశాను. దాని ఆకులు ఇంకా వాడలేదు. అక్కడి నుంచి సైకిలు తోసుకుంటూ, నేలను చూసుకుంటూ నడిచాను. వంక ఒడ్డున ఎవరూ లేరు.