చెయ్యి పెట్టి చూడమన్న దమయంతి సిస్టర్

ఈ ఉదయం కాఫీ కూడా తాగకముందే, సూళ్లూరుపేట నుంచి కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ముంజేతి మీద మూడు వేళ్లు ఆనించాను. చర్మం కింద పిల్లి గురగురలాడినట్టు సన్నటి అదురు. అది వేళ్లకు తగిలితే చాలు, నాకు దమయంతి సిస్టర్ గొంతు వినిపిస్తుంది. "ముందు చెయ్యి పెట్టి సూడుమే. మిషన్ యాడికీ పోదు."

తిరుపతిలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరినప్పుడు ఆ వార్డుకు ఆమే పెద్ద. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వార్డు చివరి మంచం దాకా వినబడేది. మిషన్ మీద మీటలన్నీ నాకు కంఠతా వచ్చని నాకు కొంచెం పొగరు. ఫైలు చూసి నేరుగా సూది ఎత్తుకునేదాన్ని. ఆమె వెనక నుంచి వచ్చి సూది లాక్కునేది. "ఫైల్లో ఉండేది మొన్నటి చెయ్యి. ఈ పొద్దుటి చెయ్యి ఈడ ఉండాది" అని నా వేళ్లను రోగి చేతి మీద పెట్టేది. అందరి ముందూ అలా చేస్తుందని నాకు మండిపోయేది.

తిరుచానూరులో పూలు అమ్మే రత్నమ్మకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి, దానికి చేతిలో ఫిస్టులా చేయాలి అని డాక్టరు చెప్పగానే ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఊళ్లో గోడల మీద మొలలు, ఫిస్టులా వైద్యం ప్రకటనలు చూడని వారెవరు? "నాకు ఆ రోగం లేదమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దమయంతి సిస్టర్ నవ్వలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "లోపల రెండు చోట్ల మధ్య ఉండకూడని దారి పడితే దాన్ని ఫిస్టులా అంటారు రత్నమ్మా. మలద్వారం కాడ చీము పట్టి బయటికి దారి పడితే అదే పేరు. కాన్పు కష్టమై మూత్రసంచికి చిల్లి పడి, పాపం కొందరు ఆడోళ్లకు నీళ్లు కారతా ఉంటాయే, దానికీ అదే పేరు. అవి రోగాలు, సిగ్గుపడాల్సిన పన్లేదు. నీకు మాత్రం డాక్టరే కావాలని దారి ఏస్తాడు. గుండె నుంచి వచ్చే రక్తనాళాన్ని, గుండెకు పొయ్యే నాళంతో కలుపుతాడు. ఆ జోరుకు నరం లావై, పైన చెయ్యి పెడితే అదురుతా, మన సూదికి ఓర్చుకుంటాది. అది నీ ప్రాణం పొయ్యే దారి కాదు, నిలబడే దారి." రత్నమ్మ కొంగు దించింది. ఎడమ మణికట్టు దగ్గర ఆపరేషన్ చేశారు. ఆ చేతికి బరువు వద్దు, బిగుతు వద్దు అని సిస్టర్ పది సార్లు చెప్పింది.

ఏడాది గడిచింది. రత్నమ్మ కూతురి పెళ్లి. మరునాడు డయాలసిస్‌కు వచ్చింది, ముఖమంతా సంతోషం. కన్యాదానం చేసింది కదా, ఆడవాళ్లకు ఎడమ చేతికే కడతారని, పసుపు కంకణం ఆ మణికట్టుకే బిగించి కట్టారు. చెయ్యి కాస్త వాచి దారం చర్మంలోకి దిగింది. వేళ్లు పెడితే అదురు పలచగా తగిలింది. ఆ రోజు సిస్టర్ సెలవు.

"విప్పుదామా అమ్మా?" అన్నాను.

"రేపు ఇప్పుతారు తల్లీ. ముందే ఇప్పితే బిడ్డకు అరిష్టం. ఒక్క దినమే కదా!"

మా అమ్మ కూడా అదే మాట అనేది. సరేలే అని, కంకణానికి పైన సూదులు గుచ్చి పని ముగించి, పంపేశాను.

రెండు రోజులకు ఆమె వచ్చేసరికి చెయ్యి మూగబోయింది. రక్తం గడ్డకట్టింది. డాక్టరు చూసి ఇక పనికిరాదన్నాడు. దమయంతి సిస్టర్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా వేళ్లు పట్టుకుని ఆ చేతి మీద పెట్టి, "తియ్యొద్దు" అంది. కదలిక లేని ఆ చర్మం మీద ఎంతసేపు ఉంచానో తెలియదు. ఏడుపు ఆగలేదు.

"నువ్వు అరిష్టానికి బయపడినావు. తప్పు కాదు" అంది సిస్టర్. "కానీ అడగాల్సింది ఇప్పుదామా అని కాదుమే. కుడిచేతికి కట్టుకుందామా అని. ఏ చేతికి కట్టినారో సూసి దేవుడు ఆశీర్వాదం ఎనక్కి తీసుకుంటాడా?"

ఆ మాట రత్నమ్మకు కూడా వినబడింది. నన్ను నిందించలేదు. మెడ దగ్గర తాత్కాలికంగా గొట్టం పెట్టారు, కుడిచేతికి మళ్లీ ఆపరేషన్ చేశారు. పూలు కట్టే చెయ్యి అది. కుట్లు మానాక, రబ్బరు బంతి పిసకడం నేనే నేర్పాను. నా సెలవు రోజుల్లో తిరుచానూరు వెళ్లి, ఆమె బంతి పిసుకుతుంటే పక్కన కూర్చుని వంకరటింకరగా మూరలు కట్టాను. "ఈ మాల ఎవురు కొంటారే!" అని ఆమె నవ్వేది. వారాలు గడిచాక ఆ చేతిలో జోరు వచ్చింది. మొదటి సూది సిస్టర్ వేస్తుందనుకున్నాను. ఆమె ట్రే నా చేతికిచ్చి పక్కకు జరిగింది. మూడు వేళ్లు ఆనించి అదురు చూస్తూనే ఉన్నాను. "గమ్మున గుచ్చు తల్లీ, నాకు పనుండాది" అంది రత్నమ్మ.

సిస్టర్ రిటైరై, తర్వాత కాలం చేసింది. ఆమె స్టూలు మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్తగా ఎవరు వచ్చినా, మీ ఇంట్లో పెళ్లెప్పుడు, మొక్కులేమున్నాయి అని ముందే అడుగుతాను. పోయిన నెల ఒకామె ఫిస్టులా ఉన్న ఎడమ చేతికే తాయెత్తు దారం బిగించుకుని వచ్చింది. బతిమాలాను, కుడిచేతికి కడతానన్నాను. చివరికి ఆమె సరేనని చెయ్యి చాచింది. కత్తిరించాను. బయట ఉన్న వాళ్లత్త నన్ను నానా శాపాలూ పెట్టింది.

పెట్టనీ. లోపల కోడలి చెయ్యి గురగురలాడుతోంది.