నడికట్టులో వాలుగ చేప

చిజురు చేతివేళ్ళు చూస్తే కొత్తవాళ్ళు జడుసుకుంటారు. గోళ్ళు రంపపు పళ్ళలా అరగదీసి ఉంటాయి. ఆ పళ్ళతోనే పట్టుపోగుల్ని దువ్వి, జరిపి, కిమోనో మీద చుట్టే నడికట్టు నేస్తుంది. అదీ బోర్లా. వెనకవైపు తన కళ్ళకు, అసలు ముఖం నేలకు. పువ్వు ఎలా వచ్చిందో చూసుకోవాలంటే మగ్గం కింద అద్దం పెట్టుకోవాలి. క్యోటోలోని నేతగాళ్ళ పేట నిషిజిన్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఒకే మగ్గం, ఒకే కిటికీ, ఒకే యజమాని. భర్త చనిపోయిన వారానికే మళ్ళీ వచ్చి ఆ మగ్గం ముందు కూర్చుంది. అది లేకపోతే తనకు తెల్లవారదు.

యజమాని కువబరాకు రెండు పొడుగాటి మీసాలు, చెంప మీద పెసరగింజంత మచ్చ. చిజురు చేరిన కొత్తలో, ఒక్క పోగు రంగు తేడా వచ్చిందని మూడు రోజుల నేత ఊడదీయించాడు.

"తప్పు తప్పే. విప్పి మళ్ళీ నెయ్యి" అన్నాడు.

చిజురు విప్పింది. ఆ కసి మాత్రం మగ్గం మీదే తీర్చుకుంది.

నడికట్టును నడుముకు రెండు చుట్లు చుడతారు. మొదటి చుట్టు రెండోదాని కింద దాగిపోతుంది కాబట్టి అక్కడ పువ్వులేవీ లేకుండా సాదాగా వదిలేస్తారు. ఆ సాదా చోట చిజురు బొటనవేలంత వాలుగ చేపను నేసింది. దానికి రెండు పొడుగాటి మీసాలు, చెంప మీద మచ్చ. కువబరా పువ్వులు చూసేటప్పుడే కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, సాదా చోటు గబగబా చుట్టేశాడు. ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు. ప్రతి నడికట్టులోనూ ఒక వాలుగ. క్యోటోలో ఎందరో గొప్పింటి ఆడవాళ్ళు కువబరాను నడుముకు చుట్టుకుని తిరిగారు. ఆ సంగతి తలచుకుని చిజురు ముల్లంగి ఊరగాయ నములుతూ తనలో తనే నవ్వుకునేది.

ఈ జనవరిలో కొంప మునిగింది. టీ మర్యాదలు నేర్పే ఇసొగై అమ్మగారు నడికట్టు పురమాయించిన నాటికీ, కట్టుకున్న నాటికీ మధ్య ఏడాదిన్నర గడిచింది. బోలెడన్ని తీపి ఉండలు కూడా ఆవిడ పొట్టలోకి వెళ్ళాయి. కొత్త సంవత్సరపు తొలి టీ విందులో, అందరి ముందూ, చుట్టు చాలక సాదా చోటు పక్కనుంచి బయటికొచ్చింది. చేపతో సహా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కువబరా దుకాణంలో ఉంది. చిజురును మగ్గం మీంచి పిలిపించారు.

"ఎంత ముద్దుగా ఉందో! మా మనవరాలు బడిలో గీసినట్టే ఉంది" అంది ఇసొగై, తీయగా నవ్వుతూ. క్యోటో ఆడవాళ్ళు అలా నవ్వారంటే కత్తి నూరడం అయిపోయిందన్నమాట. "ఇంత నేర్పరిని మీరొక్కరే ఉంచేసుకుంటే ఎలా కువబరా గారూ? పంపించెయ్యండి. లేకపోతే మా శిష్యురాళ్ళెవరూ మీ గడప తొక్కరు."

చిజురుకు తన మగ్గం ముందు ఇంకెవరో కూర్చున్నట్టే అనిపించింది.

కువబరా కళ్ళద్దాలు పెట్టుకుని చేపను చాలాసేపు చూశాడు.

"అమ్మగారూ, ఇది మా ఇంటి ఆనవాలు. అందరికీ లోపలే ఉండిపోతుంది. కాస్త నిండుగా ఉన్నవాళ్ళకే బయటికొచ్చి దర్శనమిస్తుంది. ఇన్నేళ్ళలో మీరే మొదటివారు."

ఇసొగై నిండుగా అంటే ఏమిటని అడిగితే జవాబు వినాల్సి వస్తుంది. నడికట్టును మూటగట్టుకుని, టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

చిజురు చాప మీద నుదురు ఆనించింది.

"తప్పయిపోయింది అయ్యగారూ."

"అయింది. మొదటి చేప నుంచీ చూస్తూనే ఉన్నాను."

"సాదా చోటు చూడరు కదండీ మీరు!"

"నువ్వు ఇంటికెళ్ళాక చూస్తాను. తల ఎత్తు. నా మచ్చ ఏ చెంప మీద ఉంది?"

"కుడి చెంప మీద."

"మరి చేపకి?"

చిజురు వేలు తన కుడి చెంప మీంచి ఎడమ చెంపకు జరిగింది. చేప మచ్చ ఎడమ చెంప మీద ఉంది. పువ్వులకైతే అద్దం పెట్టుకునేది. ఎవరి కంటైనా పడుతుందేమోనన్న భయంతో చేపకు మాత్రం ఏనాడూ పెట్టలేదు. బోర్లా నేసిన మచ్చ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇటుది అటు పడుతూనే ఉంది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

లోపలి గదిలో మగ్గం మీద సగం నేసిన నడికట్టులో నిన్నటి వాలుగ ఉంది. కువబరా అటు వేలు చూపించాడు.

"తప్పు తప్పే. విప్పి మళ్ళీ నెయ్యి."