కారణం: సందుగాలి

తూర్పు సెర్బియాలోని మా ఊరి పురపాలక కార్యాలయంలో కంప్యూటర్ మొరాయిస్తే జివాదిన్ మేస్త్రీ వస్తాడు. మనం పిలిచిన రోజున కాదు, ఆయనకు రావాలనిపించిన రోజున. ఒకప్పుడు రేడియోలు బాగుచేశాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఇవి. ఆయన లెక్కలో మూడింటి జబ్బూ ఒకటే, లోపల దుమ్ము. మందూ ఒకటే, గోడలకు రంగు వేసే కుంచె. నడుముకు ఎండాకాలంలో కూడా ఉన్ని పట్టీ కట్టుకుంటాడు. ఎదురెదురుగా తలుపూ కిటికీ తెరిచి ఉంటే మధ్యలో దూరే సందుగాలి అంటే ఆయనకు భయం. ఆయనకేమిటి, అందరికీ భయమే. మా ఊళ్ళో సిగరెట్ల వల్ల, కాల్చిన పంది మాంసం వల్ల ఎవరూ పోలేదు. పోయినవాళ్ళంతా సందుగాలి తగిలి పోయినవాళ్ళే.

వచ్చాక ముందు కాఫీ తాగుతాడు. కాఫీ తాగకుండా స్క్రూ విప్పే మేస్త్రీని ఇక్కడ ఎవరూ నమ్మరు. ఆ తర్వాత మూత తీసి, లోపలికి చూసి, తల అడ్డంగా ఊపి ఒకే మాట అడుగుతాడు: "ఈ ఘనకార్యం ఎవరిది?"

అంతకుముందు చెయ్యి పెట్టిన మేస్త్రీని తిట్టడానికి అది ఆరంభం. మూడేళ్ళ కిందట నా కంప్యూటర్ విప్పి అలాగే అడిగితే "మీదే" అన్నాను. మూత మళ్ళీ బిగిస్తూ, ఆ రోజుల్లో మంచి సామాను దొరికేది కాదన్నాడు.

ఈ అక్టోబరులో ఆయన వచ్చింది నా పక్క బల్ల దేసాంకా కోసం. జనన మరణ పత్రాలిచ్చే కిటికీ దగ్గర ఆమె ముప్ఫై నాలుగేళ్ళుగా కూర్చుంటోంది. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. ఆమె కంప్యూటర్ ఇరవై నిమిషాలకోసారి తనంతట తానే ఆరిపోతోంది. తండ్రి మరణ పత్రం కోసం మూడుసార్లు తిరిగిన ఒకాయన, చచ్చినవాణ్ణి ఇన్నిసార్లు చంపకూడదమ్మా అని నెమ్మదిగానే చెప్పి వెళ్ళాడు.

మా అధికారి వుకాషిన్‌కు ఇది కలిసొచ్చింది. ఆ కిటికీ మీద ఆయన మరదలి కూతురి కన్ను ఎప్పటినుంచో ఉంది. లోపం యంత్రానిదైతే బాగుచేయిస్తాననీ, వాడిన మనిషిదైతే ఆ మనిషిని నేలమాళిగలో పాత దస్త్రాల గదికి పంపుతాననీ, మేస్త్రీ కాగితం మీద ఏది రాస్తే అదేననీ అందరి ముందూ చెప్పాడు. న్యాయమైన మనిషి. ఆ గది గోడల నుంచి నీరు కారుతుంది. దేసాంకాకు కీళ్ళవాతం.

మేస్త్రీ కాఫీ ముగించి కంప్యూటర్ పెట్టెను ముందుకు లాగాడు. ప్లగ్గు అటువైపే ఉండడంతో పెట్టె వీపు ఎప్పుడూ ఆమె నడుముకేసే తిరిగి ఉంటుంది. ఆ వీపున ఫ్యాను గాలిని బయటికి తోసే కన్నాలకు అడ్డంగా, చేత్తో అల్లిన గుండ్రటి లేసు గుడ్డ ఒకటి, చుట్టూ టేపుతో శ్రద్ధగా అంటించి ఉంది. మూత తీస్తే లోపల దుమ్ము పిల్లి పడుకున్నట్టుంది.

"ఈ ఘనకార్యం ఎవరిది?" అన్నాడు అలవాటు కొద్దీ.

ఆ ప్రశ్నకు జవాబు గదిలోనే ఉండడం ఆయన జీవితంలో అది రెండోసారి. దేసాంకా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"నాలుగేళ్ళ నుంచి నా కిడ్నీల మీదకే ఊదుతోంది మేస్త్రీ. నన్నేం చెయ్యమంటావు?"

"అది వేడిగాలి అక్కా."

"వేడిదైతే చుట్టమా? గాలి గాలే."

మేస్త్రీ తన ఉన్ని పట్టీ సర్దుకున్నాడు.

దుమ్ము ఊదాలి, కిటికీ తెరవమన్నాడు. తలుపు తెరిచి ఉందని అయిదు గొంతులు ఒకేసారి గుర్తుచేశాయి. తలుపు మూస్తే దుమ్మంతా మా ఊపిరితిత్తుల్లోకే. చివరికి పెట్టెను పెరట్లోకి మోసుకెళ్ళి, కుంచెతో విదిలించి, సైకిలు పంపుతో గంటసేపు ఊదాడు. దుమ్మంతా వుకాషిన్ కారు మీద పడింది. గాలివాటం చూసుకునే నిలబడ్డాడని నేను అనను.

పెట్టె తిరిగి బల్లెక్కింది. గంట గడిచినా ఆరలేదు. అప్పుడు వుకాషిన్ కాగితం పట్టుకుని వచ్చాడు. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది.

"రాయండి మేస్త్రీ. ఉన్నది ఉన్నట్టు రాయండి" అన్నాడు.

కాగితం మీద జివాదిన్ ఏనాడూ అబద్ధం రాయలేదు. అసలు కాగితం మీద ఏమీ రాయలేదు. లేసు గుడ్డ అప్పటికే దేసాంకా సంచిలో ఉంది. ఆమె సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. మేస్త్రీ కలం కాసేపు నమిలి, ఒక్క మాట రాసి కాగితం తిప్పాడు.

వుకాషిన్ రెండుసార్లు చదివాడు. నవ్వుతాడనుకున్నాను.

"సందుగాలా? ఎటు నుంచి?" అన్నాడు.

"వెనక నుంచి."

"వెనక నుంచా" అని ఆయన మెడ తడుముకున్నాడు. వాళ్ళ బావమరిదికి మూతి వంకర పోయింది దానివల్లేనట, ఆ కథ మాకందరికీ తెలుసు. కోటు కాలరు పైకి లాక్కుని సంతకం పెట్టాడు. పెట్టెను వెంటనే గోడకేసి తిప్పమని, అందుకు పొడుగు వైరు కొనమని కూడా రాశాడు.

దేసాంకా కిటికీ దేసాంకాకే మిగిలింది. గుడ్డను ఉతికి, గంజి పెట్టి, ఇప్పుడు పెట్టె నెత్తిన పరిచింది. అక్కడ దానికి చేసే పనేమీ లేదు. అలాంటి చోటే ఇంకొకటి, వుకాషిన్ మరదలి కూతురి కోసం వెతుకుతున్నారు.