నవరాత్రుల్లో ఇచ్చిన రక్తం

సుమిత్రమ్మకు లాఠీలంటే భయం లేదు. సకల జనుల సమ్మెలో ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద బైఠాయించిన మనిషి. అలాంటి ఆమె ల్యాబ్ నుంచి వచ్చిన ఒక్క ఫోనుకు వణికిపోయింది.

నల్గొండ పల్లె నుంచి వచ్చి, పదేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో వేదవతిగారింట్లో వంట చేస్తోంది. ఆవిడది గుంటూరు. తెలంగాణ మీద ఇద్దరికీ వంటింట్లో రోజూ వాదనే, పప్పు మాడేదాకా. అయినా వేదవతిగారి మనసు మంచిది. అక్క క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి ఏటా పరీక్షలు చేయించుకుంటున్న ఆవిడ, ఈసారి సుమిత్రమ్మనూ వెంటబెట్టుకెళ్లారు. వచ్చిన చిక్కల్లా మడితోనే. నెలసరి రోజుల్లో ఎవరూ ఆ వంటింటి గడప తొక్కకూడదు.

సుమిత్రమ్మ రక్తంలో సీఏ 125 ఎక్కువుందట. అండాశయంలో క్యాన్సరుంటే అది పెరుగుతుందట. ఇక ఆమెకు అన్నం సయించలేదు. సమ్మెతో బస్సుల్లేవు, డాక్టరమ్మ దొరకలేదు. స్నానం చేస్తూ పొట్ట తడుముకుంటే ఎక్కడ చెయ్యి పెట్టినా గడ్డే తగిలినట్టుండేది.

చివరికి వేదవతిగారే ఆటోలో తీసుకెళ్లారు. స్కాన్‌లో ఏమీ కనబడలేదు.

"రక్తం ఇచ్చిన రోజు బయటున్నావామ్మా? నెలసరిలో కూడా ఇది కాస్త పెరుగుతుంది" అంది డాక్టరమ్మ.

సుమిత్రమ్మ ఓరకంట చూసింది. పక్కనే వేదవతిగారు. ఆ రోజు నవరాత్రుల్లో మొదటిరోజు. తను బయటే ఉంది, సాయంత్రం బతుకమ్మ దగ్గరికి కూడా పోలేదు. కానీ ఇంటినిండా చుట్టాలు. అప్పుడు మానేస్తే ఇంకో వంటమనిషి వచ్చేస్తుంది. అందుకే నోరు మూసుకుని అమ్మవారికి పులిహోర కలిపింది.

"లేదమ్మా" అంది.

"అయితే పెద్దాసుపత్రికి రాస్తాను. ఇంకా పరీక్షలు కావాలి. కోసి చూడాల్సి వచ్చినా రావచ్చు."

"ఉన్న... బయటున్నమ్మా!" అని సుమిత్రమ్మ భోరుమంది.

డాక్టరమ్మ కసురుకుంది. నెలసరి లేని రోజు చూసి మళ్లీ రక్తం ఇవ్వాలంది, అప్పటిదాకా ఏదీ తేల్చి చెప్పలేనంది.

బయటికొచ్చాక వేదవతిగారు ఆమె వైపు తిరిగారు.

"ఇన్నాళ్లూ చచ్చిపోతానని కుళ్లికుళ్లి ఏడ్చావు కదే. నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"సావంటే భయమే అమ్మా" అంది సుమిత్రమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "మీరంటే ఇంకా భయం."

వేదవతిగారి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.