రత్నక్క కానుక, నా తప్పు

2023 జనవరి. టెక్సస్‌లోని కాపెల్‌లో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ట్యాక్స్ రిటర్నులు తయారు చేయడం మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్ళు. క్లయింట్లలో సగంమంది మా తెలుగు చర్చివాళ్ళే. ఫైళ్ళు శుభ్రంగా పెడతానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. అది ఒక ఆన్‌లైన్ క్లాసులో దిగిపోయింది.

మా లైసెన్సు నిలవాలంటే ఏటా కొన్ని గంటలు చదువుకోవాలి. ఆ రోజు పాఠం షెడ్యూల్ ఏ మీద. ఇంటి లోను వడ్డీ, దానాలు లాంటివి చూపించి పన్ను తగ్గించుకునే ఫారం అది. విదేశంలోని చర్చికి నేరుగా పంపిన డబ్బు అందులో వేయకూడదని టీచరు మామూలుగా చెప్పి ముందుకెళ్ళిపోయాడు. నేను రాసుకుంటున్న పెన్ను పక్కన పడేసి పాత ఫైళ్ళు తీశాను.

మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. సంపాదనలో దేవుడికిచ్చే పదో వంతును దశమభాగం అంటాం. అందులో కొంత ఇక్కడి చర్చిలో కానుక కవర్లో పెట్టి వేస్తారు, కొంత పుట్టిన ఊరి మందిరానికి, అంటే అక్కడి చర్చికి, పంపిస్తారు. "చర్చికెంత ఇచ్చారు?" అనడిగితే రెండూ కలిపి చెబుతారు. చర్చి అంటే చర్చే అనుకుని నేనూ కలిపే వేశాను. పైగా ఊరికి పంపిన డబ్బు రసీదులు అడిగి మరీ తీసుకుని ఫైల్లో దాచాను! నా తెలివికి నాకే ఒళ్ళు మండింది.

తిరగేస్తే ఇలా కలిపి వేసినవి ఏడు కుటుంబాలు తేలాయి. అందరికంటే పెద్ద మొత్తం రత్నక్కది. డాలస్‌లో హాస్పిటల్ నర్సు. భీమవరం దగ్గర వాళ్ళ ఊరి రేకుల మందిరానికి శ్లాబు వేయించాలని మూడేళ్ళుగా డబ్బు పంపుతోంది. ఆ ఏడాది పన్ను రీఫండ్ కూడా వస్తే ఈస్టర్‌కల్లా శ్లాబు పడిపోవాలి.

మా ఆయనకు చెప్పాను. "ఇప్పుడు ఎవరడిగారు? ఈ ఏడాది నుంచి మానేయ్, సరిపోతుంది" అన్నాడు.

ఎలా సరిపోతుంది? పాత రిటర్నులో తప్పు కనబడితే క్లయింటుకు చెప్పి తీరాలన్నది మా వృత్తి నియమం. సరిదిద్దుకోవడం వాళ్ళ ఇష్టం. నియమం మాట అటుంచండి. దేవుడు చేతికిచ్చినదాన్ని నమ్మకంగా చూసుకోవాలని, దాన్నే గృహనిర్వాహకత్వం అంటారని, సండే స్కూల్లో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. రత్నక్కేమో కాగితాలన్నీ నా ముందు పెట్టి, చూపినచోటల్లా సంతకం పెట్టేది.

రమ్మంటే ఆ శనివారం రత్నక్క డ్యూటీ దిగి మా ఇంటికొచ్చింది. టీ ఇచ్చి, ఆమె ఫైలు తెరిచి ముందు పెట్టాను.

"అక్కా, తప్పు చేశాను. ఊరికి పంపింది ఇక్కడ చూపించకూడదట. మూడేళ్ళ రిటర్నులూ అమెండ్ చేయాలి, అంటే సరిదిద్ది మళ్ళీ వేయాలి. తగ్గించుకున్న పన్ను వడ్డీతో సహా వెనక్కి కట్టాలి."

"అదేంటమ్మాయ్? దేవుడి పనే కదా అది?"

"దేవుడి పనే అక్కా. ఈ ఫారంలో మాత్రం దానికి చోటు లేదు."

"మరి శ్లాబు?"

ఏడ్చేశాను. వడ్డీ నేను కడతానన్నాను. ఆమె కప్పు పక్కకు జరిపింది.

"అంటే, దేవుడికిచ్చానని నేను మురిసిపోయిన దాంట్లో కొంత గవర్నమెంటుదన్నమాట" అంది. "పరాయి సొమ్ముతో శ్లాబేంటమ్మాయ్? అమెండ్ చేసేయ్. పన్ను నాది, నేను కడతా. వడ్డీ నీ తప్పు, నువ్వే కట్టు."

కట్టాం. మిగతావాళ్ళలో నాలుగు కుటుంబాలు అమెండ్ చేయించుకున్నాయి. రెండు కుటుంబాలు నన్ను వదిలేసి వేరే చోటికి వెళ్ళిపోయాయి. అందులో ఒకావిడ చర్చిలో ఎదురుపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. బాధగానే ఉంటుంది.

ఆ ఈస్టర్ ఆరాధన వాళ్ళ ఊళ్ళో రేకుల కిందే జరిగింది. రత్నక్క ఫోన్లో వీడియో చూపించింది. ఆ వేడికి అందరూ పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. నేను సరిగ్గా చూడలేకపోయాను.

నిజాయితీ అంటే అబద్ధం ఆడకపోవడమే అనుకునేదాన్ని. మనల్ని నమ్మి సంతకం పెట్టేవాళ్ళకోసం, తెలియనిది తెలుసుకోవడం కూడా అందులో భాగమేనని ఆ ఏడాది నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చినా ఎంత ఇచ్చారని అడగడానికి ముందు, ఎక్కడికి ఇచ్చారని అడుగుతాను.

మరుసటి జనవరిలో రత్నక్క వస్తుందనుకోలేదు. వచ్చింది. నేను అడిగేలోపే కవరు నా ముందుకు తోసింది.

"ఇక్కడి చర్చి రసీదు ఒక్కటే ఉంది ఇందులో. ఊరిది నేనూ దేవుడూ చూసుకుంటాం."

"శ్లాబు ఎంతవరకొచ్చిందక్కా?" అన్నాను బెరుగ్గా.

"ఓవర్‌టైం చేస్తున్నాగా, పడుతుందిలే. ఈసారి మొత్తం నా డబ్బే."