పాకాల చెరువులో మా తెరచాప పందెం

ఆ రోజుల్లో ఈత రానివాళ్లకే నీళ్లంటే ధైర్యం ఎక్కువగా ఉండేదేమో అనిపిస్తుంది, కనీసం మా ఇంట్లో మాత్రం అంతే. యుద్ధం మూలంగా నూలు దొరక్క కాశిబుగ్గలో మా మగ్గాలు మూలపడ్డాయి. సరిగ్గా అప్పుడే కేసముద్రం ధాన్యం సేటొకాయన, బొంబాయిలో తెరచాప పడవల పందెం చూసొచ్చిన మోజులో, పాకాల చెరువు మీద అలాంటిదే పెడుతున్నానని చాటింపు వేయించాడు. సాయంత్రం కట్ట దగ్గర బయలుదేరి, తెల్లవారేసరికి అవతలి ఒడ్డుకు ముందుగా చేరిన పడవకు నూలు బేలు బహుమానం. పోటీకి దిగినవాళ్లంతా చేపలు పట్టేవాళ్లే, మేము తప్ప.

మేమంటే ముగ్గురం. అక్క మొగుడు, అంటే మా బావ, కెప్టెను (ఎప్పుడో ఒకసారి పడవలో గోదావరి దాటిన అనుభవం ఆయనది, అదీ కళ్లు మూసుకుని). తెడ్డు మా కాక, అంటే చిన్నాన్న, చేతిలో. పద్దెనిమిదేళ్ల నాకు చెంబుతో నీళ్లు తోడిపోసే ఉద్యోగం. ఇంట్లో నేసిన దుప్పట్లన్నీ కలిపి తెరచాప కుట్టి, గాలి దూరిపోకుండా దట్టంగా గంజి పట్టించాం. ఎండాక అది తలుపుచెక్కలా నిలబడింది. "ఆకలైతే నానబెట్టుకొని తాగొచ్చు బిడ్డా," అన్నాడు కాక. అక్క మాత్రం నవ్వలేదు. "గెలువకున్నా మంచిదే, మీరు పాణంతోని రాండ్రి. దుప్పట్లు గూడ తేండ్రి," అంది.

మొదట్లో గాలి మా వెనకే ఉంది. చేపలవాళ్ల పడవలను దాటుతుంటే బావ మీసం దువ్వుకుని, "చూసినవా బామ్మర్దీ, తెరచాపంటే గిట్లుండాలె!" అన్నాడు. చీకటి పడగానే గాలి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వీచింది గానీ, ఈలోగా పడవ ఎన్నిసార్లు గిర్రున తిరిగిందో, ఏ ఒడ్డు ఎటుందో మాలో ఒక్కరికీ తెలియదు. కాక ఊళ్లో దేవుళ్లందరినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు.

"ఫికర్ జేయకు కాకా. అగో, కిందికి పెద్ద చుక్క కనవడ్తాంది గదా! ఓడలోళ్లు చుక్కల్ని జూసే పోతరట. దాన్నే పట్టుకొని పోదాం," అన్నాడు బావ.

పట్టుకుని పోయాం. పోయినకొద్దీ చుక్క పెద్దదైంది.

"బావా, చుక్క పెరుగుతాంది," అన్నాను.

"మనం దగ్గరికి పోతానం గదరా!" అన్నాడు.

(ఆ జవాబు నాకు అప్పుడు చాలా సబబుగా తోచింది.)

తెలతెలవారుతుండగా పడవ ఒడ్డుకు గుద్దుకుంది. బావ ఎగిరి దూకి, "గెల్చినం! మనమే ఫస్టు!" అని కేక పెట్టాడు. కొమ్మకు వేలాడుతున్న మా చుక్కను, అంటే కందిలిని, ఆర్పుతున్న సేటు వంటమనిషి మావైపు వింతగా చూసి, "ఏందన్నా, మీరింక పోనేలేదా?" అన్నాడు. సాయంత్రం బయలుదేరిన కట్ట దగ్గరే ఉన్నాం.

కట్ట మీద వేసుకున్న గుడారంలోంచి వచ్చిన సేటు సంగతి విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. కాక మొహం చూసి కాబోలు, నవ్వాపుకుని తెరచాపను వేళ్లతో నలిపాడు. "రాత్రంత గాలికి, మంచుకు ఆగింది. ఎవలు నేసిండ్రు?" అని అడిగాడు. "మేమే," అన్నాడు కాక, అప్పటిదాకా లేని గొంతుతో. బేలు అవతలి ఒడ్డు చేరినవాళ్లకే పోయింది. మాకు మాత్రం ధాన్యం బండ్లమీద కప్పే గుడ్డలు నేయమని సేటు నూలు పంపించాడు. మగ్గాల చప్పుడు మళ్లీ మొదలైన పొద్దున అక్క బావకు కెప్టెన్‌గారూ అంటూ చాయ్ ఇచ్చింది. ఆయన మాత్రం ఆ పిలుపును చాలా సీరియస్‌గా తీసుకున్నాడు.

మొన్నీమధ్య మా ఆవిడతో కలిసి షికారు బోటెక్కాను. గాలి ఎటు వీస్తోందో చూసి బోటు నడిపే అతనికి సలహా చెప్పబోతే, "తాతా, ఇది ఇంజన్‌తోని నడుస్తది. జర కూసో," అన్నాడు. కూర్చున్నాను. ఈ వయసులో కూడా ఒకరు కూర్చోమంటే తప్ప కూర్చోనందుకు లోలోపల కాస్త సంతోషమే వేసింది.